తల్లి మనసు చెప్పే మాట: దేన్ని నమ్మాలి, ఎలా సరిచూసుకోవాలి?

1. ఊయల

అందరికీ నమస్కారం. "తల్లి మనసు అబద్ధం చెప్పదు" అని ఒకవైపు, "ప్రతిదానికీ భయపడటం నీకు అలవాటే" అని ఇంకోవైపు. కొత్తగా తల్లైనవాళ్లు ఈ రెండు మాటల మధ్య నలిగిపోతుంటారు. ఈ విషయం బాగా తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను.

మనసు కీడు శంకిస్తున్నప్పుడు అది నిజంగా లోపలి ఎరుకా, ఉత్త భయమా అని ఎలా తేల్చుకోవాలి? గురువో పెద్దలో చెప్పిన మాటకీ మనసు చెప్పే మాటకీ పొసగనప్పుడు దేన్ని పట్టుకోవాలి? రోజుకు పది నిమిషాలు కూడా తనకంటూ దొరకని తల్లి ఈ ఎరుకను ఎలా పెంచుకోవాలి?

"నీ మనసు మాట విను" అని సరిపెట్టకండి. చేసి చూడగలిగేలా చెప్పండి. సొంత కథలు వద్దు, పద్ధతి కావాలి.

2. నిదానం

ఊయల గారూ, మీ మొదటి ప్రశ్నను కాస్త తిప్పి అడగాలి. ఎరుకా భయమా అని ఆ క్షణంలో తేల్చడం దాదాపు అయ్యే పని కాదు. రెండూ ఒకే ఒంట్లో, ఒకే గుండెదడతో వస్తాయి. చూడాల్సింది ఇది: ఆ మాట మిమ్మల్ని ఏం చేయమంటోంది?

లోపలి మాట ఒక్కోసారి "ఆగు, దగ్గరికెళ్లి చూడు" అంటుంది. ఒక్కోసారి "ఏమీ లేదులే, వదిలెయ్" అంటుంది. మొదటిదాన్ని ధారాళంగా నమ్మొచ్చు. అది తప్పైతే పోయేది ఐదు నిమిషాలో, ఒక ఫోనో. రెండోదాన్ని మాత్రం, కళ్లెదుట లక్షణాలు కనిపిస్తున్నప్పుడు, నమ్మకూడదు. అది తప్పైతే దిద్దుకునే అవకాశం ఉండకపోవచ్చు. కీడెంచి మేలెంచమన్నది ఇందుకే. దాన్ని నిరాశతో అన్న మాటగా తీసుకుంటారు గానీ అది వరస చెప్పే మాట. ముందు కీడును చూసి, అది కాదని తేలాకే మేలు అనుకోవాలి.

ఇంకొకటి. ఏ విషయంలో మన మనసుకు నమ్మదగిన తర్ఫీదు దొరికిందో చూసుకోవాలి. డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతఃస్ఫూర్తి మీద చాలాకాలం ఎదురెదురు వాదనల్లో ఉండి, 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. అందులో ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రెండు. ఆ విషయానికి ఒక క్రమం ఉండాలి, మనిషికి దాన్ని మళ్లీ మళ్లీ చూసి తప్పొప్పులు తెలుసుకునే వీలుండాలి.

దీన్ని తల్లికి అన్వయించి చూడండి. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, పాలు పట్టే తీరు, ఎత్తుకోగానే ఒళ్లు సర్దుకునే తీరు, ఇవన్నీ రోజుకు పదిసార్లు జరుగుతాయి. మీ ఊహ తప్పో ఒప్పో నిమిషాల్లో తెలిసిపోతుంది. మూడు నెలలు తిరిగేసరికి ఈ విషయాల్లో తల్లి మనసు నిజంగానే గట్టి కొలబద్ద. కానీ టీకా వేయించాలా, ఏ బడిలో వేయాలి, ఈ మందు ఆపొచ్చా అన్నవి వేరే రకం. ఇవి ఒకటి రెండుసార్లే ఎదురవుతాయి, ఫలితం ఏళ్ల తర్వాత గాని తెలియదు. వీటిలో మనసుకు అభ్యాసం ఎక్కడిది? టీకా సంగతి మనసును అడిగే ప్రశ్నే కాదు.

3. శిశుసేవ

నిదానం గారు "దగ్గరికెళ్లి చూడు" అన్నారు. ఏం చూడాలో నేను చెప్తాను. మనసు అలారం కొట్టింది, అంతవరకే దాని పని. తర్వాత పని కళ్లదీ, గడియారానిదీ, థర్మామీటర్‌దీ.

"ఊపిరి ఏదో తేడాగా ఉంది" అనిపిస్తే: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట కనిపించేలా పెట్టండి. సెకన్ల ముల్లు కనిపించే గడియారం పక్కన పెట్టుకోండి. పొట్ట లేచి దిగితే ఒకటి. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసిబిడ్డల ఊపిరి తెరలు తెరలుగా ఉంటుంది. కాసేపు గబగబా, ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ గబగబా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2 నెలల లోపు పిల్లల్లో నిమిషానికి 60 లేదా ఎక్కువ, 2 నుంచి 12 నెలల వరకు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా తీస్తున్న ఊపిరే. 2 నెలల లోపు బిడ్డకు మొదటి లెక్క 60 లేదా ఎక్కువ వస్తే వెంటనే ఇంకోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అలాగే వస్తే ఆస్పత్రికి బయల్దేరండి. డొక్కలు లోపలికి లాగేస్తున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వస్తున్నా, పెదాలు నీలిరంగుకు తిరిగినా లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, నేరుగా వెళ్లండి.

"ఒళ్లు వెచ్చగా ఉంది" అనిపిస్తే థర్మామీటర్ పెట్టండి. 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) వచ్చిందంటే అర్ధరాత్రైనా డాక్టరు చూడాల్సిందే. ఆడుకుంటున్నా సరే, పాలు తాగుతున్నా సరే. ఇక్కడే "వదిలెయ్" అనే లోపలి మాట ఎక్కువగా మోసం చేసేది.

"పాలు చాలట్లేదు" అనిపిస్తే: ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు ఉచ్చ పోయాలి. తడి బట్టలు లెక్కపెట్టండి.

డాక్టరు ముందు "ఏదో భయంగా ఉందండీ" అనకండి. "ఇది వీడి మామూలు తీరు కాదు" అని మొదలుపెట్టి మారిందేమిటో చెప్పండి. "రోజూ ఎనిమిదిసార్లు తాగేవాడు, నిన్నటి నుంచి మూడుసార్లే తాగాడు, లేపినా సరిగా లేవట్లేదు." తల్లిదండ్రుల ఆందోళనను వైద్యం కూడా ఇప్పుడు ఒక లక్షణంగానే లెక్కిస్తోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ 2013లో తెచ్చిన ర్యాన్స్ రూల్, ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో 2024లో మొదలైన మార్తాస్ రూల్ రెండూ ఇలాంటివే. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్లకు అనిపిస్తే వేరే వైద్య బృందం వచ్చి చూడాలని అడిగే హక్కు ఇచ్చాయి.

4. మంద్రస్థాయి

ఊయల గారి ప్రశ్నకు పూర్తి జవాబు లేకపోయినా కొన్ని గుర్తులు ఉన్నాయి. భయం భవిష్యత్తులో మాట్లాడుతుంది: "ఇలా అయితే? అలా అయితే?" ఎరుక ఎదురుగా ఉన్న ఒక వివరాన్ని పట్టుకుంటుంది: "ఏడుపు చివర తెగిపోతోంది", "ఎడమ చెయ్యి కదపట్లేదు". అన్నిటికంటే పనికొచ్చే గుర్తు కొలిచాక కనిపిస్తుంది. జ్వరం లేదని తేలగానే భయం ఇంకో కొమ్మ మీదికి దూకుతుంది. జ్వరం కాకపోతే గుండె, గుండె కాకపోతే ఎదుగుదల. ఎరుక అలా దూకదు. సమాధానపడితే కూర్చుంటుంది, పడకపోతే అదే చోట నిలబడి అదే మాట చెప్తుంది.

ఒక ప్రచారాన్ని మాత్రం ఒప్పుకోలేను. "ప్రశాంతంగా వచ్చేదే అంతర్వాణి, అలజడిగా వచ్చేది భయం" అని చాలాచోట్ల చెప్తారు. సగమే నిజం. నిజమైన ప్రమాదంలో ఒళ్లు ఎగిరిపడుతుంది, పడాలి కూడా. మరోవైపు బాగా అలసిపోయిన మనసూ, కుంగిపోయిన మనసూ మొద్దుబారతాయి. ఆ మొద్దుబారడం బయటికి ప్రశాంతతలాగే కనిపిస్తుంది. "నాకు లోపల చాలా నిశ్శబ్దంగా ఉంది, అంతా మంచే జరుగుతుంది" అనే తల్లి మూడు రోజులుగా సరిగా తినకపోయి ఉండొచ్చు.

5. ప్రశ్నార్థకం

నిదానం గారి సూత్రానికి ఒక అభ్యంతరం. "చూడు" అనే మాటను ధారాళంగా నమ్మమంటే, రాత్రికి ఇరవైసార్లు లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే తల్లికి మనమే దారి వేసినట్టు కాదా? ఆ ఐదు నిమిషాల ఖర్చు ఇరవైసార్లైతే ఆమె నిద్ర మొత్తం పోయినట్టే. పైగా చూసిన ప్రతిసారీ దొరికే ఊరట పది నిమిషాలే ఉంటుంది, తర్వాత ఇంకా ఎక్కువ చూడాలనిపిస్తుంది. ఊరట కోసం చూడటం, తెలుసుకోవడం కోసం చూడటం ఒకటి కావు.

6. నిదానం

సరిగ్గా పట్టుకున్నారు. నేను సగమే చెప్పాను. మిగతా సగం:

చూడటం ఒక్కసారే, అదీ కొలతతో. వేలు పెట్టి చూడటం కొలత కాదు, దానికి అంకె ఉండదు కాబట్టి మనసు దాన్ని నిలుపుకోదు. అంకెను సమయంతో సహా కాగితం మీద రాయాలి. మళ్లీ ఎప్పుడు చూడాలో అప్పుడే రాసుకోవాలి, ఆ గడువు లోపే లేవాల్సిన గుర్తులు ఏవో కూడా. ఉదాహరణకు: "12:40. ఊపిరి 38, జ్వరం 36.9. మళ్లీ 3 గంటలకు. మూలుగు వినిపిస్తే, లేదా పాలకు లేవకపోతే ముందే." మధ్యలో మనసు పీకితే కాగితం చదవండి, బిడ్డ దగ్గరికి వెళ్లకండి. (ఇది ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గురించి. జబ్బుపడిన బిడ్డను ఎంతసేపటికి ఒకసారి చూడాలో డాక్టరును అడిగి రాసుకోవాలి.)

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందంటే, కాగితం రాశాక నలుగురికి ఫోన్ చేసి "ఏం కాదులే" అనిపించుకోవడంలో. అది అప్పుతెచ్చుకున్న ధైర్యం, తెల్లారేసరికి కరిగిపోతుంది. వారం రోజులు ఇలా చేసినా ఆగలేకపోతుంటే, లేదా బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టట్లేదంటే, అది ఎరుకను సానబెట్టుకునే సమయం కాదు. వైద్యం చేయించుకోవాల్సిన ఆందోళన, చేయించుకుంటే తగ్గుతుంది కూడా.

7. తులసివనం

లోపలి మాట మీద మన సంప్రదాయం ఏమంటుందో ఎవరూ ఎత్తలేదు. ధర్మం తెలుసుకోవడానికి మనుస్మృతి నాలుగు ఆధారాలు చెప్తుంది: వేదం, స్మృతి, సదాచారం, నాలుగోది తన మనసుకు సమ్మతమైనది. దాన్నే ఆత్మతుష్టి అన్నారు. మనసు మాటను అవతల పారేయలేదు, అలాగని మొదట పెట్టనూ లేదు. వరసలో నాలుగోది. చదివి, విని, మంచివాళ్ల నడవడి చూసి, అప్పటికీ రెండు దారులు మిగిలితే అప్పుడు మనసును అడగాలన్నమాట.

బుద్ధుడు కాలాములు అనే జనానికి చెప్పిన మాటను కూడా సగమే చెప్తుంటారు. ఈయన మన గురువు కదా అని నమ్మొద్దు, మీకు మీరు తెలుసుకోండి అన్నాడు, నిజమే. కానీ ఆ తెలుసుకోవడంలో, విజ్ఞులు దేన్ని మెచ్చుతారు, దేన్ని తప్పుపడతారు అన్నదాన్ని కూడా చేర్చాడు. ఒక్కరి మనసే సాక్షి అనలేదు.

తల్లులకు బాగా పనికొచ్చే ఇంకో సూత్రం క్రైస్తవ సంప్రదాయంలో ఉంది. ఇగ్నేషియస్ లొయోలా (1491–1556) అనే క్రైస్తవ గురువు మనసు కదలికలను రెండుగా చూశాడు. ఒకటి ఆశ, ప్రేమ, విశ్వాసం పెరిగే ఓదార్పు స్థితి. రెండోది ఎండిపోయి, చీకటిగా, ఎవరికీ పట్టనట్టుండే స్థితి. ఆ చీకటి స్థితిలో ఉన్నప్పుడు, అంతకు ముందు తేటగా ఉండి తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదన్నాడు. అర్ధరాత్రి రెండింటికి "నేను తల్లిగా పనికిరాను, రేపటి నుంచి పాలు మాన్పించేస్తాను, ఉద్యోగం మానేస్తాను" అనిపిస్తుంది చూడండి, ఈ సూత్రం సరిగ్గా అప్పటికి. నిర్ణయం మంచిదో చెడ్డదో తర్వాత సంగతి. దాన్ని తీసుకునే వేళ అది కాదు. పగలు, కాస్త నిద్రపోయి లేచి, ఏదైనా తిన్నాక కూడా అలాగే అనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

8. ఊయల

చాలా విలువైన మాటలు. తులసివనం గారూ, విజ్ఞుల మాట అన్నారు కదా. విజ్ఞులెవరో ఎలా తెలుస్తుంది? బిడ్డ పుట్టిన ఇంటికి సలహాలిచ్చే గురువులు, స్వస్థతలు చేసేవాళ్లు, ఆన్‌లైన్‌లో మార్గదర్శకులు చాలామందే వస్తారు.

9. మౌనదీపం

ఎదురుగా కూర్చుని నాలుగు విషయాలు గమనించండి.

ప్రశ్న అడగనిస్తారా? "ఇది సరిపడకపోతే ఏం చేయాలి, ఎప్పటికల్లా తెలుస్తుంది?" అని అడగండి. తెలిసినవాళ్లు గడువు చెప్తారు, హద్దు చెప్తారు. తెలియనివాళ్లు మీ విశ్వాసం చాలలేదంటారు.

దాచమంటారా? "ఇది మీ ఆయనకు చెప్పొద్దు, డాక్టరుకు చెప్తే ఫలితం పోతుంది" అన్న క్షణంలోనే లేచి వచ్చేయొచ్చు. మంచి సలహా నలుగురి చెవిన పడ్డా చెడిపోదు.

భయం అమ్ముతారా? "నీ పాపం వల్లే బిడ్డకు ఈ జబ్బు" అనే వాక్యం ఏ మతం ముసుగులో వచ్చినా అది మార్గదర్శనం కాదు. పుట్టుకతో వచ్చే లోపాలకు తల్లి ఆలోచనలు కారణం కావు. అపరాధ భావంతో ఉన్న తల్లి ఏదైనా చేస్తుంది, ఎంతైనా ఇస్తుంది. అది తెలిసే అలా అంటారు.

బిడ్డ ఒంటిని ముట్టుకునే సలహానా? ప్రార్థన, జపం, దీవెన, పేరు, పాట అంటే మీకూ మీ విశ్వాసానికీ సంబంధించిన సంగతి. నోట్లో వేయమంటే, ఒంటికి రాయమంటే, మందు ఆపమంటే, టీకా వద్దంటే అది ఆధ్యాత్మికం దాటిపోయింది, వైద్యుణ్ని అడగాల్సిందే. ఏడాది లోపు బిడ్డ నాలుకకు తేనె రాయడం ఎంత పవిత్రంగా చెప్పినా చేయకూడదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు ఆ వయసు పేగుల్లో మొలిచి విషాన్ని పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. ఆరు నెలల లోపు నీళ్లు పట్టడమూ అంతే. పొట్ట నిండిపోయి పాలు తగ్గుతాయి.

నిజమైన గురువును గుర్తుపట్టే ఇంకో సంగతి: వాళ్లతో మాట్లాడి వచ్చాక మీ కాళ్ల మీద మీరు ఇంకాస్త గట్టిగా నిలబడతారు. ప్రతి చిన్నదానికీ మళ్లీ వాళ్లనే అడగాలనిపిస్తోందంటే ఎక్కడో తేడా ఉంది.

10. శిశుసేవ

ఆధ్యాత్మిక వాతావరణం ఉన్న ఇళ్లలో ఆలస్యంగా గుర్తుపట్టే ఒక విషయం చెప్పాలి. దయచేసి బాలింత ఇంట్లో ఉన్న ప్రతివాళ్లూ చదవండి.

బిడ్డను కింద పడేస్తానేమో, కత్తి తగులుతుందేమో, నీళ్లలో జారిపోతాడేమో అనే భయంకరమైన ఊహలు కొత్త తల్లులకు చాలా మామూలు. వాటిని చూసి తల్లి తనే హడలిపోతుంది, కత్తి దాచేస్తుంది, సిగ్గుతో ఎవరికీ చెప్పదు. ఇది అంతర్వాణి కాదు, ఆమె దుర్మార్గురాలనడానికి సూచనా కాదు. ఊహ వచ్చి అసహ్యం పుట్టిందంటే ఆమె మనసు ఆ ఊహకు ఎదురు నిలబడి ఉందని అర్థం. రోజంతా అదే తిరుగుతుంటే వైద్యం ఉంది.

ప్రసవానంతర సైకోసిస్ (కాన్పు తర్వాత నిజానికీ ఊహకీ తేడా తెలియకుండా పోయే తీవ్రమైన మానసిక జబ్బు) దీనికి పూర్తిగా వేరు. ప్రతి 1000 ప్రసవాల్లో ఒకటి రెండింటిలో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, హఠాత్తుగా వస్తుంది. నిద్ర లేకపోయినా అలసట ఉండదు. మాటల వేగం పెరుగుతుంది. అనుమానాలు, అంతులేని ఉత్సాహం, గంటగంటకూ మారే మూడ్. ఒక స్వరం ఆజ్ఞాపిస్తున్నట్టు వినిపించవచ్చు. బిడ్డ అవతారమనో, బిడ్డలో చెడు శక్తి ఉందనో గట్టిగా నమ్మవచ్చు. ఇక్కడ తల్లి హడలిపోదు, అది నిజమనే అనుకుంటుంది. "దేవుడు ఆవిడతో మాట్లాడుతున్నాడు" అని చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడిస్తే విలువైన గంటలు పోతాయి. ఇది అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసరం. ఆమెను ఒంటరిగా గానీ, బిడ్డతో ఒక్కదాన్నే గానీ వదలకూడదు. చికిత్సతో బాగవుతుంది. ఇంతకు ముందు ఇలా వచ్చినవాళ్లకీ, బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్లకీ ముప్పు ఎక్కువ కాబట్టి గర్భంతో ఉండగానే డాక్టరుతో ఒక ప్రణాళిక వేసుకోవాలి.

ఈ రెండూ కాక, మూడు నుంచి ఐదో రోజు మధ్య వచ్చే ఏడుపు, చిరాకు రెండు వారాల్లో పోతాయి. పోకపోతే ఎడిన్‌బరో ప్రసవానంతర డిప్రెషన్ స్కేల్ అడగండి. 1987లో వచ్చింది, పది ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించి. మొత్తం 30కి లెక్క. 13 లేదా ఎక్కువ వస్తే డిప్రెషన్ అయ్యే అవకాశం ఎక్కువ, డాక్టరుతో మాట్లాడాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" అన్నది కాక ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా, ఆ రోజే సాయం తీసుకోవాలి.

11. మంద్రస్థాయి

ఊయల గారి మూడో ప్రశ్నకు వస్తాను, ఎరుకను పెంచుకోవడం ఎలా అన్నదానికి. ఒక నోట్‌బుక్ చాలు. పెన్ను దానికే దారంతో కట్టి పాలు పట్టే చోట ఉంచండి. వెతుక్కోవాల్సి వస్తే రెండో రోజుకే మానేస్తారు.

ఒక నమూనా:

"రాత్రి 2:10. ఇది ఆకలి ఏడుపు కాదు, కడుపు ఉబ్బరం అనుకుంటున్నా. ఒంట్లో: గొంతు బిగిసింది. నిద్ర: 3 గంటలు. చేసింది: భుజాన వేసుకుని వీపు నిమిరాను. ఫలితం: ______"

ఫలితం గడి మర్నాడు నింపాలి. అసలు కిటుకు ఆ ఖాళీలోనే ఉంది. ఫలితం తెలిశాక మొత్తం రాస్తే "నాకు ముందే తెలుసు" అని మనసు మనల్నే నమ్మిస్తుంది. చాలామంది చేసే రెండో తప్పు, నిజమని తేలిన ఊహలే రాయడం. మూడోది, "ఏదో తేడాగా ఉంది" అని రాయడం. అది ఎప్పటికీ తప్పు కాలేదు కాబట్టి దానితో నేర్చుకునేదేమీ ఉండదు. తప్పయ్యే వీలున్న వాక్యం రాయాలి.

ముప్పై నమోదులయ్యాక ఒకసారి కూర్చుని రెండు రంగుల పెన్నులతో తప్పులూ ఒప్పులూ గీయండి. తర్వాత పక్క గడులు చూడండి. తప్పులన్నీ నిద్ర తక్కువైన రాత్రులవేనా? ఎవరితోనో మాటామాటా అయిన రోజులవా? గొంతు బిగిసినప్పటివి నిజమై, కడుపులో తిప్పినప్పటివి ఉత్తివయ్యాయా? ఇది ఒక్కో తల్లికి ఒక్కోలా వస్తుంది. పక్కవాళ్ల లెక్క మీకు పనికిరాదు.

12. తులసివనం

నోట్‌బుక్‌తో పాటు శ్వాస. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. ఒక్కోటి పది సెకన్లు, నిమిషానికి ఆరు. పది శ్వాసలంటే రెండు నిమిషాలు కూడా పట్టదు. బయటికి వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. జపం అలవాటున్నవాళ్లు అంకెల బదులు వదిలే శ్వాసకు నామాన్ని కట్టుకోవచ్చు. తల తిరిగినట్టుంటే మరీ లోతుగా లాగుతున్నారన్నమాట, మూడుకు నాలుగుకు తగ్గించండి.

తర్వాత ఒక్క ప్రశ్న, చిన్నది: "ఇప్పుడు, ఈ గంటలో, ఏం కావాలి?" "నా బిడ్డ భవిష్యత్తు ఏమిటి" లాంటివి వద్దు, వాటికి మనసు జవాబులు అల్లేస్తుంది. మూడు శ్వాసలు ఊరుకుని, వచ్చిన మొదటి వాక్యం రాయండి. ఏమీ రాకపోతే "ఏమీ రాలేదు" అని రాయండి. అదే ప్రశ్నను ఆ రోజు మళ్లీ అడగకండి. నచ్చిన జవాబు వచ్చేదాకా అడగడం ప్రార్థన అనిపించుకోదు.

13. శిశుసేవ

ఒక్క జాగ్రత్త. ఇది బిడ్డను ఒళ్లో పెట్టుకుని సోఫాలోనో వాలుకుర్చీలోనో కళ్లు మూసుకుని చేయకండి. అలసిన తల్లి నిమిషంలో నిద్రలోకి జారుతుంది. సోఫాలో బిడ్డతో నిద్రపోవడం ఊపిరాడకపోవడానికీ, హఠాత్ శిశుమరణానికీ ముప్పును బాగా పెంచుతుంది. బిడ్డను దాని సొంత పడకలో వెల్లకిలా పడుకోబెట్టాక చేయండి. లేదా కళ్లు తెరిచి, కూర్చుని, నిద్ర రానప్పుడు.

14. పొద్దుపొడుపు

పెద్ద నిర్ణయాలకు ఒంటరి ధ్యానం చాలదు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది, ఇంగ్లిష్‌లో క్లియర్‌నెస్ కమిటీ అంటారు. నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి విషయాన్ని ముందే రాసి ఇస్తుంది. నలుగురైదుగురు నమ్మకస్తులు చుట్టూ కూర్చుంటారు. వాళ్లు సలహా ఇవ్వకూడదు, తమ అనుభవం చెప్పకూడదు, ఓదార్చకూడదు. ప్రశ్నలే అడగాలి, జవాబు తమకు తెలియని ప్రశ్నలు. మధ్యలో మౌనం ఉంటే ఉండనివ్వాలి. అక్కడి మాట గడప దాటకూడదు.

అసలు పద్ధతికి రెండు గంటలకు పైనే పడుతుంది. చిన్నపిల్లల తల్లికి ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో 45 నిమిషాలు చాలు, ఒకరు గడియారం చూడాలి, బిడ్డను ఇంకొకరు పట్టుకోవాలి. ఎక్కడ చెడుతుందంటే ప్రశ్న ముసుగులో సలహా దూరినప్పుడు. "మీ అత్తగారిని సాయం అడగొచ్చు కదా?" సలహా. "సాయం అన్నప్పుడు మీకు ఎవరి ముఖం గుర్తొస్తుంది?" ప్రశ్న. మొదటి పది నిమిషాలు అందరూ తడబడతారు, సలహా నాలుక చివరిదాకా వస్తుంది. నవ్వుకుని మింగేయాలి.

15. ప్రశ్నార్థకం

పసిపిల్లల గురించే మాట్లాడుకున్నాం. పన్నెండేళ్లు దాటిన పిల్లల దగ్గర లోపలి మాట తీరే మారిపోతుంది, ఎందుకంటే అప్పటికి వాళ్లకూ ఒక లోపలి మాట తయారవుతుంది. "నాకు తెలుసు, నువ్వేదో దాస్తున్నావ్" అన్నది అనుమానం నిజమైనా తలుపు మూసేస్తుంది. చూసింది, అనిపించింది, తెలియంది మూడూ విడివిడిగా చెప్పండి: "రెండు వారాలుగా అన్నం సగంలో లేచిపోతున్నావు. నా మనసుకు పట్టట్లేదు. నేను పొరబడి ఉండొచ్చు. ఇప్పుడు చెప్పక్కర్లేదు, రాత్రి పది దాకా వంటింట్లోనే ఉంటా." తర్వాత నిజంగానే అక్కడ ఉండాలి, ఫోన్ పక్కన పెట్టి.

పొరబడ్డ రోజు గురించి కూడా. డోనల్డ్ విన్నికాట్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు 1953లో "సరిపడేంత మంచి తల్లి" అన్న మాట వాడాడు. బిడ్డ ఎదిగేకొద్దీ, ఆ బిడ్డ తట్టుకోగలిగేంత మేర తల్లి తప్పుతూ ఉండటం ఆ ఎదుగుదలలో భాగమే అన్నాడు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలనల్లో, తల్లీబిడ్డా బాగున్న జంటల్లో కూడా ఇద్దరి తీరూ కలిసేది దాదాపు మూడో వంతు సమయమే. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. అందుకే తప్పు విన్నామని తెలిసినప్పుడు పెద్ద క్షమాపణ ఉపన్యాసం అక్కర్లేదు. "ఆకలి అనుకున్నా, నిద్రొస్తోందన్నమాట. రా" చాలు, ఆరు నెలల బిడ్డకైనా.

16. ఊయల

ఇవన్నీ రాసి పెట్టుకుంటున్నాను. శిశుసేవ గారూ, చిన్న సందేహం. చంకలో థర్మామీటర్ పెడితే ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుందంటారు. 38 గీత మీద అంత పెద్ద నిర్ణయం ఉన్నప్పుడు ఏది నమ్మాలి?

17. శిశుసేవ

డిజిటల్ థర్మామీటర్ కొస చంక మధ్యలో చర్మానికి నేరుగా ఆనాలి, మధ్యలో బట్ట ఉండకూడదు. చెయ్యి ఒంటికి ఆనించి బీప్ వచ్చేదాకా పట్టుకోండి. స్నానం అయ్యాక, లేదా బాగా చుట్టిపెట్టిన దుప్పటి తీశాక పావుగంట ఆగి పెట్టండి. అంకె 37.8, 37.9 లాంటి చోట ఆగితే ఇంకోసారి చూడండి. అప్పటికీ అంకె తక్కువే ఉండి, బిడ్డ పాలు తాగట్లేదు, లేపితే సరిగా లేవట్లేదు అంటే 38 కోసం ఎదురుచూడకండి. బయల్దేరండి, దారిలో ఫోన్ చేసి చెప్పండి.